మేడ మీద కిటికీ మార్చేటప్పుడు ముందు ఆ కంత సంగతి చూస్కోండి

కింద గదిలో కిటికీ మార్చినా మేడ మీద గదిలో మార్చినా పని ఒకటే, అవే స్క్రూలు, అదే ఫోమ్, అదే సిలికాన్. తేడా అంతా చెయ్యి జారినప్పుడే తెలుస్తుంది. కింద సుత్తి జారితే మన కాలి పక్కన పడుద్ది, పైన జారితే కింద ఎవరి నెత్తి మీద పడుద్దో చెప్పలేం. మనిషి జారితే ఇంక చెప్పక్కర్లేదు, మూడు మీటర్ల ఎత్తు నుంచి నేల తాకడానికి ముప్పావు సెకను చాలు, తాకేసరికి వేగం గంటకి 27 కిలోమీటర్లు దాటి ఉంటుంది, అంటే "అమ్మో" అనే టైమ్ కూడా ఉండదు.

నేను చూసినంతలో జనం నిచ్చెన గురించే భయపడతారు గానీ అసలు ప్రమాదం నిచ్చెన ఎక్కకముందే గదిలోనే మొదలవుద్ది. పాత కిటికీ ఊడదీసి కొత్తది బిగించేలోపు గోడలో ఒక పెద్ద కంత ఉంటుంది చూడండి, ఆ గంటో రెండు గంటలో ఆ గదికి ఒక గోడ లేనట్టే లెక్క. అందుకే నేను ఈ పనిని రెండు రూల్స్ చుట్టూనే ప్లాన్ చేస్తా, ఒకటి ఎవరూ బయటికి వెళ్ళకుండా పనంతా లోపల్నుంచే అయ్యేట్టు చూడటం, రెండోది ఆ కంత తెరిచి ఉండే టైమ్ ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించడం. కింద రాసిందంతా ఈ రెండిటి కోసమే.

ముందు అసలు ఇది మీరు చేసే పనేనా అని చూస్కోండి. మొదటి అంతస్తులో మామూలు సైజు స్లైడింగ్ కిటికీ, లోపల్నుంచి చెయ్యి అందుతుంది, సాయానికి ఇంకో గట్టి మనిషి ఉన్నాడు అంటే చేస్కోవచ్చు. రెండో అంతస్తు, ఆ పైన, లేదా నేల దాకా ఉండే పెద్ద అద్దం, లేదా కిటికీ పక్కనుంచే కరెంటు తీగలు పోతున్నాయంటే మాత్రం ఆ పని రోజూ చేసేవాళ్ళకి వదిలెయ్యండి, అప్పుడు కూడా వాళ్ళు బెల్ట్ వేస్కుని చేస్తున్నారా లేదా అని చూడటానికి ఇది పనికొస్తుంది. ఇంకో విషయం, బాగా పాత ఇళ్ళల్లో కిటికీ పైన లింటెల్, అంటే పై గోడ బరువు మోసే అడ్డ దూలం, ఉండదు, పైన ఇటుకల బరువు చెక్క ఫ్రేమ్ మీదే ఉంటుంది. ఫ్రేమ్ పై బద్ద మధ్యలో కిందికి వంగి ఉన్నా, కిటికీ పై మూలల నుంచి గోడలో ఏటవాలుగా పగుళ్ళు పాకి ఉన్నా ఫ్రేమ్‌ని ముట్టుకోవద్దు, ముందు ఇంజనీరుకో అనుభవం ఉన్న తాపీమేస్త్రికో చూపించండి. ఫ్రేమ్ లాగాక పైనుంచి ఇటుకలు రాలడం మొదలైతే వాటిని చేత్తో ఆపలేరు.

కొలతలు

కొలతకీ సేఫ్టీకీ సంబంధం ఏంటి అనుకోవద్దు. కొత్త కిటికీ పావు అంగుళం పెద్దదైందనుకోండి, పాతది ఊడదీసి ఉంటుంది, గోడలో కంత ఉంటుంది, సాయంత్రమై ఉంటుంది, అప్పుడు మనిషి కంగారుపడి గోడ చెక్కడం మొదలుపెడతాడు, పిచ్చి పనులన్నీ అప్పుడే చేస్తాం. అందుకని వెడల్పు మూడు చోట్ల కొలవండి, పైన మధ్యలో కింద, అలాగే ఎత్తు కూడా ఎడమ మధ్య కుడి, వచ్చినవాటిలో అన్నిటికంటే చిన్నదే మీ కొలత. దాంట్లోంచి మొత్తం మీద ఒక 10 మిల్లీమీటర్లు తీసెయ్యండి, అంటే ఒక్కో వైపు 5 మిల్లీమీటర్ల సందు, ప్యాకింగ్ ముక్కలకీ (ఫ్రేమ్ కదలకుండా సందుల్లో దూర్చే ప్లాస్టిక్ ముక్కలు) సీలెంట్‌కీ ఆ సందు కావాలి. తర్వాత మూల నుంచి మూలకి రెండు వైపులా అడ్డంగా కొలవండి, రెండూ ఒకటే వస్తే మూలమట్టం సరిగ్గా ఉన్నట్టు, బాగా తేడా వస్తే కంత వంకరగా ఉన్నట్టు, ఆ సంగతి ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

పనిలో పనిగా మెట్ల మలుపు కూడా కొలుచుకోండి. కొత్త కిటికీ మెట్ల మీదుగా ఎక్కుతుందా లేదా అని ముందు చూస్కోక, వచ్చాక తాడు కట్టి బయట్నుంచి పైకి లాగుదాం అనేవాళ్ళు ఉంటారు, గాలికి అది గాలిపటంలా తిరిగి గోడకి కొట్టుకుంటుంది, కింద నిలబడి చూసేవాళ్ళు కూడా ఎప్పుడూ ఉంటారు. మెట్ల మీద ఎక్కకపోతే ఫ్రేమూ రెక్కలూ విడివిడిగా వచ్చేలా తీస్కోండి.

బరువు లెక్క కూడా తెలిసి ఉండాలి. అద్దం ఒక చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది. నాలుగడుగులు బై నాలుగడుగుల 5 మిల్లీమీటర్ల అద్దం అంటే దాదాపు 18 కిలోల పైమాటే, అదే డబుల్ గ్లేజింగ్, అంటే అలాంటివి రెండు అద్దాలు కలిపింది అయితే 37 కిలోలు, ఫ్రేమ్ బరువు ఇంకా కలపలేదు. ఎత్తగలమా అంటే నేల మీద ఎత్తగలం, కానీ చేతులు చాపి కంతలో పెట్టేటప్పుడు అదే బరువు మనిషిని ముందుకి లాగుద్ది. అందుకే రెక్కలు, అద్దం విడిగా తీసేసి ఖాళీ ఫ్రేమ్ ముందు బిగించుకునే రకం అయితే సగం ప్రమాదం అక్కడే పోద్ది.

అద్దం రకం గురించి కూడా ఒక ముక్క. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుద్ది. టఫెన్డ్ అద్దం పగిలితే చిన్న చిన్న పలుకులుగా రాలుద్ది, కోసుకుపోవడం తక్కువ, కానీ పై అంతస్తు నుంచి గంపెడు పలుకులు ఒకేసారి కింద పడతాయి. లామినేటెడ్ అయితే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు దానికే అతుక్కుని ఫ్రేమ్‌లోనే ఉంటాయి. పిల్లలున్న ఇంటికి, నేలకి దగ్గరగా ఉండే కిటికీకి లామినేటెడే మంచిది అని నా అభిప్రాయం. టఫెన్డ్ అద్దాన్ని తర్వాత కొయ్యలేం, రంధ్రం చెయ్యలేం, మూలలో దాని ముద్ర ఉంటుంది, చూసి తీస్కోండి.

పాత ఫ్రేమ్ పీకాలా వద్దా

అందరూ ఫ్రేమ్‌తో సహా పీకేద్దాం అంటారు. నేనైతే ముందు ఒక స్క్రూడ్రైవర్ తీస్కుని పాత చెక్క ఫ్రేమ్‌ని అన్ని చోట్లా పొడిచి చూస్తా, ముఖ్యంగా అడుగు బద్ద, కింది మూలలు. లోపలికి దిగకపోతే, చెదలు లేకపోతే, ఫ్రేమ్ కదలకపోతే దాన్ని అలాగే ఉంచి రెక్కలు మాత్రం తీసి, దాని లోపలే కొత్త కిటికీ బిగించెయ్యొచ్చు. కిటికీ కొంచెం చిన్నదవుద్ది, వెలుతురు కాస్త తగ్గుద్ది, నిజమే. కానీ గోడ పగలగొట్టక్కర్లేదు, ఇటుక ముక్కలు కింద పడవు, ప్లాస్టరింగ్ పని లేదు, కంత తెరిచి ఉండేది అరగంటో ఎంతో. పై అంతస్తులో ఈ లాభం చిన్నదేం కాదు.

ఇక్కడ గ్రిల్ సంగతి. చాలా ఇళ్ళల్లో ఇనుప గ్రిల్ చెక్క ఫ్రేమ్‌కే బిగించి ఉంటుంది, గోడకి కాదు. గ్రిల్ ఉందిలే, పడిపోం అని ధీమాగా ఫ్రేమ్ కోస్తూ పోతారు, ఫ్రేమ్ వదులవ్వగానే గ్రిల్లు కూడా దాంతోపాటే ఊగుద్ది. గ్రిల్ దేనికి పట్టుకుని ఉందో ముందే చూడండి. గోడలో దిగి ఉంటే దాన్ని కదపకుండా పనంతా దాని వెనకాలే చేస్కోవచ్చు, అంతకన్నా మంచి రక్షణ ఇంకోటి లేదు, కానీ చువ్వలు గోడలోకి దిగే చోట తుప్పు పట్టిందేమో గట్టిగా ఊపి చూడండి. పెయింట్ బాగున్నంత మాత్రాన లోపల ఇనుము బాగున్నట్టు కాదు.

పని మొదలెట్టే ముందు

కొత్త కిటికీ ఇంటికి వచ్చి, విప్పి, కొలిచి, సరిపోద్ది అని నమ్మకం కలిగేదాకా పాతదాని ఒక్క స్క్రూ కూడా తియ్యొద్దు. పొద్దున్నే మొదలెట్టండి, గాలి వాన లేని రోజు చూస్కోండి, ఒకసారి ఒక్క కిటికీనే. మూడు కిటికీలు ఒకేసారి ఊడదీసి పెట్టుకుంటే ఏ ఒక్కటీ సరిగ్గా పూర్తవదు, రాత్రికి మూడు కంతలు ఉంటాయి. కంత సైజు కంటే అన్ని వైపులా ఒక అడుగు పెద్దగా ఒక ప్లైవుడ్ షీటు, వెనక రెండు బద్దలు కొట్టి, రెడీగా పెట్టుకోండి. వాన వచ్చినా, కొలత తప్పినా, మీకు ఓపిక అయిపోయినా దాన్ని లోపలి వైపు నుంచి బిగించేసి తలుపేసుకుని పోవచ్చు. ఆ షీటు ఉంటే కంగారు ఉండదు, కంగారు లేకపోతే తప్పులు తగ్గుతాయి.

కింద కిటికీకి సూటిగా ఉన్న జాగా మొత్తం తాడు కట్టి మూసెయ్యండి, గోడ నుంచి కనీసం మూడు మీటర్ల దూరం దాకా అయినా, ఎందుకంటే వస్తువు సూటిగా కింద పడదు, సన్‌షేడ్‌కి తగిలి ఎగిరి పక్కకి పోద్ది. బళ్ళు తీయించండి, ఆరేసిన బట్టలు తీయించండి, ఒక మనిషిని అక్కడ కాపలా పెట్టండి, ఆ మనిషి పని చూడటం మాత్రమే, పైకి తలెత్తి చూస్తూ కిందే నిలబడటం కాదు. పిల్లల్ని ఆ గదిలోకే రానివ్వద్దు, తలుపుకి లోపల గడియ పెట్టుకోండి.

ఇంక మనిషి పడకుండా చూసే ఏర్పాటు. కిటికీ కింది గోడ మీ నడుము కంటే పైకి ఉందా కిందికి ఉందా అనేది మొదటి ప్రశ్న. మనిషి బరువు కేంద్రం ఇంచుమించు బొడ్డు దగ్గర ఉంటుంది, గోడ అంతకంటే పైకి ఉంటే ముందుకి వంగినా తూలి అవతలికి పోవడం కష్టం, మోకాలి ఎత్తులో ఉంటే ఒక్క తోపు చాలు. ఇప్పుడు జనం మర్చిపోయేది ఏంటంటే, పై స్క్రూలు అందట్లేదని స్టూల్ ఎక్కుతారు కదా, స్టూల్ ఎక్కిన క్షణం నుంచి నడుము ఎత్తు గోడ కాస్తా మోకాలి ఎత్తు గోడ అయిపోద్ది. గదిలోనే ఉన్నాం కదా అనే ధైర్యంతో అంచు మీద నిలబడి ఉంటాం. తెరిచి ఉన్న కంత ముందు స్టూల్ వెయ్యొద్దు, వెయ్యక తప్పకపోతే కింద చెప్పిన అడ్డు కర్రలు ఇంకా పైకి వెయ్యండి, స్టూల్ కంతకి ఎదురుగా కాకుండా పక్క గోడ వైపు జరిపి వేస్కోండి.

అడ్డు కర్రలంటే పెద్ద ఏర్పాటేం కాదు. కంత వెడల్పు కంటే రెండు వైపులా అడుగు చొప్పున ఎక్కువున్న గట్టి చెక్క బద్దలు రెండు మూడు తీస్కుని, గది లోపలి వైపు గోడకి ఆనించి అడ్డంగా బిగించండి. మనం తూలి బయటికి తోసినా కర్ర గోడకే నొక్కుకుంటుంది, స్క్రూ ఊడినా బయటికి పోదు, బయటి వైపు బిగిస్తే ఆ లాభం ఉండదు. మీరు నిలబడ్డ చోటు నుంచి ఒక మీటరు ఎత్తులో ఒకటి, దాని కింద సగంలో ఇంకోటి. ఫ్రేమ్ పెట్టేటప్పుడు రెండు నిమిషాలు తియ్యాల్సి వస్తుంది, అప్పటికి ఇద్దరికీ బెల్ట్ ఉండాలి.

బెల్ట్ అంటే నడుముకి కట్టే తాడు కాదు. నడుముకి తాడు కట్టుకుని పడితే ఆ కుదుపు వెన్నుపూస మీదే పడుద్ది, లేదా తాడు చంకల దాకా జారిపోద్ది. భుజాలకీ తొడలకీ పట్టీలు ఉండే ఫుల్ బాడీ హార్నెస్ వాడండి. దాని తాడు ఎంత పొడుగు ఉండాలంటే కిటికీ అంచు దాకా చెయ్యి పోవాలి, మనిషి మాత్రం అంచు దాటకూడదు. పడ్డాక ఆపే తాడు కంటే పడే చోటికి పోనివ్వని తాడు మంచిది, ఎందుకంటే హార్నెస్‌లో వేలాడుతూ ఉన్న మనిషికి కాళ్ళల్లో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది, అతన్ని పైకి లాగడం ఇద్దరి వల్ల కాదు. తాడు రెండో కొన దేనికి కట్టాలి అన్నదే అసలు తలనొప్పి. మంచం కాలికి కాదు, తలుపు గడియకి కాదు, గ్రిల్‌కి అసలే కాదు. పడే మనిషిని ఆపాల్సిన యాంకర్, అంటే తాడు కట్టే కొక్కెం, 22 కిలోన్యూటన్లు తట్టుకోవాలని లెక్క, అంటే రెండు టన్నుల పైన. స్లాబ్ బీమ్‌కో కాంక్రీట్ స్తంభానికో ఈ పని కోసమే తయారుచేసిన యాంకర్ వేయించుకోవాలి. అది కుదరకపోతే అడ్డు కర్రలు తియ్యాల్సిన అవసరం రాని పద్ధతిలో, అంటే పాత ఫ్రేమ్ ఉంచేసి రెక్కల వరకే మార్చేలా పని ప్లాన్ చేస్కోండి, లేదా ఏర్పాటు ఉన్నవాళ్ళని పిలవండి.

సన్‌షేడ్ మీదికి దిగడం గురించి విడిగా చెప్పాలి. కింది కిటికీ సన్‌షేడ్ సరిగ్గా కాలు పెట్టుకోవడానికే కట్టారా అన్నట్టు కనిపిస్తుంది. అది ఎండకీ వానకీ వేసింది, ఒక వైపే పట్టుకుని గాల్లో ఉంటుంది, లోపలి కమ్మీ పై భాగంలో ఉండాలి, పోత పోసేటప్పుడు తొక్కేసి కిందికి దిగిపోయిందో లేదో, ఇన్నేళ్ళ వానకి తుప్పు పట్టిందో లేదో బయటికి తెలీదు. దిగొద్దు. పాచి ఉంటే జారడం ఎలాగూ ఉంది.

పాతది తియ్యడం

చేతికి కోత తగలని గ్లవ్స్, కళ్ళజోడు, బూట్లు. చెప్పులేసుకుని అద్దం పని చెయ్యొద్దు. చేతి పనిముట్లన్నిటికీ సన్న తాడు కట్టి మణికట్టుకో బెల్ట్‌కో తగిలించుకోండి, కిటికీ గట్టు మీద స్క్రూడ్రైవర్ పెట్టడం అనే అలవాటు ఆ రోజుకి మానెయ్యండి. అద్దానికి రెండు వైపులా మాస్కింగ్ టేప్ అడ్డంగా నిలువుగా అంటించండి, పగలకుండా అది ఆపదు గానీ పగిలితే ముక్కలు చెల్లాచెదురు కావు. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దొద్దు, తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి పిల్లలకి ఇంకా ప్రమాదం.

స్లైడింగ్ అయితే తేలిక, రెక్కని పైకి ఎత్తితే పై ట్రాక్‌లోకి పోద్ది, కింది అంచు ట్రాక్ దాటగానే అడుగు భాగాన్ని లోపలికి లాగితే వచ్చేస్తుంది. ఎత్తినా రాకపోతే పై ట్రాక్‌లో అడ్డు ముక్క ఉండి ఉంటుంది, దొంగలు ఎత్తకుండా పెట్టేది, దాన్ని ముందు విప్పాలి. లోపలి రెక్క ముందు, బయటి రెక్క తర్వాత.

బయటికి తెరుచుకునే చెక్క రెక్కలతోనే నాకు ఒకసారి దెబ్బ తగిలింది. పై బందు స్క్రూలు వదులుగా ఉన్నాయని ముందు అవే తీశా, ఆఖరి స్క్రూ రాగానే రెక్క మొత్తం బయటికి వాలిపోయి కింది బందుని కూడా పీక్కుని అద్దంతో సహా కింద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి ఇప్పుడు ఇలా రాస్తున్నా. ఎప్పుడైనా కింది బందు ముందు తియ్యండి, తర్వాత మధ్యది, పైది ఆఖర్న, అప్పుడు బరువు పైనుంచి వేలాడుతూ ఉంటుంది గానీ వాలదు. అంతకంటే ముందే రెక్క చుట్టూ ఒక మోకు కట్టి లోపల ఒక మనిషి దాన్ని బిగించి పట్టుకోవాలి, రెండో కొన గదిలో దేనికైనా కట్టి ఉండాలి, ఎందుకంటే పట్టుకున్నవాడి చెయ్యి జారితే అతను కూడా దాంతోపాటే ముందుకి పోతాడు. తుప్పు పట్టిన స్క్రూలకి ముందురోజు రాత్రే నూనె వేసి పెట్టుకుంటే ఆ బలప్రయోగం ఉండదు. బలమంతా పెట్టి లాగుతుంటే ఉన్నట్టుండి ఊడొస్తుంది చూడండి, ఆ క్షణం కంత ముందు చాలా చెడ్డది. ఎప్పుడూ లోపలి వైపుకే లాగండి, బయటికి తోసే పని ఏదీ పెట్టుకోవద్దు.

పుట్టీ బయటి వైపు ఉంటే అక్కడే నిలబడి అద్దం తియ్యాలని చూడొద్దు, రెక్కని మొత్తంగా లోపలికి తెచ్చుకుని నేల మీద దుప్పటి పరిచి చేస్కోండి. తీసిన అద్దం నిలువుగా మొయ్యండి, పడుకోబెట్టి మోస్తే తన బరువుకి తనే విరుగుద్ది. లోపల చేతిలోంచి జారితే వదిలేసి వెనక్కి జరగండి, పట్టుకోబోవద్దు.

ఫ్రేమ్ కూడా తియ్యక తప్పదంటే నిలువు బద్దని మధ్యలో కాస్త ఏటవాలుగా కోసి, కోసిన చోట గునపం పెట్టి లోపలికి లాగండి. గోడలో ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లు, అంటే ఫ్రేమ్‌ని గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టీలు, పట్టుకుని ఉంటాయి, అవి హ్యాక్‌సా బ్లేడుతో కొయ్యడం టైమ్ పడుద్ది, గ్రైండర్ త్వరగా అవుద్ది గానీ నిప్పురవ్వలు కిందికి పోతాయి, డిస్క్ పట్టేస్తే మెషీన్ చేతిలో గుంజుద్ది, కంత ముందు నిలబడి గ్రైండర్ గుంజితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను హ్యాక్‌సానే వాడతా, చెయ్యి నొప్పెడుద్ది అంతే. గోడలో పక్కనే స్విచ్ బోర్డు ఉంటే ఆ గది కరెంటు ముందు ఆపెయ్యండి.

కొత్తది బిగించడం

అడ్డు కర్రలు తీసి ఇద్దరూ చెరో వైపు పట్టుకుని ఫ్రేమ్‌ని అడుగు ముందు గట్టు మీద ఆనించి, తర్వాత పై భాగాన్ని నిలబెట్టి లోపలికి నెట్టండి. మరీ వదులుగా ఉంటే ఫ్రేమ్ అవతలికి జారిపోకుండా ముందే దానికి ఒక తాడు కట్టి ఉంచండి, లేదా ఫ్రేమ్ లోపలి ముఖానికి ఒక పొడుగు బద్ద కట్టెయ్యండి, ఆ బద్ద గోడకి ఆనుకుని ఫ్రేమ్‌ని ఆపుద్ది. ఈ బద్ద చిట్కా నాకు చాలాసార్లు పనికొచ్చింది.

తర్వాత రసమట్టం పెట్టి అడుగు, నిలువు రెండూ చూస్కుంటూ సందుల్లో ప్లాస్టిక్ ప్యాకింగ్ ముక్కలు దూర్చండి, స్క్రూ వచ్చే ప్రతి చోటా పక్కనే ఒక ముక్క ఉండాలి, లేకపోతే స్క్రూ బిగించేకొద్దీ ఫ్రేమ్ గోడవైపు వంగి రెక్క జరగదు. మూలల నుంచి 150 నుంచి 250 మిల్లీమీటర్ల లోపల మొదటి స్క్రూ, ఆ తర్వాత మధ్యలో 600 మిల్లీమీటర్లకి మించని దూరంలో మిగతావి. ముందు నాలుగు వైపులా వదులుగా పెట్టి, మూల నుంచి మూలకి మళ్ళీ కొలిచి, అప్పుడు బిగించండి. ఇటుక గోడ అంచుకి మరీ దగ్గరగా డ్రిల్ చేస్తే పెచ్చు ఊడి కింద పడుద్ది, ఇటుక మెత్తగా ఉంటే హ్యామర్ మోడ్ ఆపి డ్రిల్ చెయ్యండి. అడుగు ట్రాక్‌లో స్క్రూ కొట్టకుండా ఉంటే మంచిది, కొట్టక తప్పకపోతే తల మీద సిలికాన్ పెట్టండి, లేకపోతే వాననీళ్ళు ఆ రంధ్రంలోంచే గోడలోకి దిగుతాయి.

ఫ్రేమ్ బిగిసిపోగానే అడ్డు కర్రలు మళ్ళీ పెట్టెయ్యండి, రెక్కలు ఇంకా పెట్టలేదు కదా. ఈ మధ్యలో ఉన్న టైమే బయటి సిలికాన్‌కి మంచి టైమ్. రెక్కలు లేని ఖాళీ ఫ్రేమ్‌లోంచి చెయ్యి బయటికి పెట్టి బయటి సందు నాలుగు వైపులా లోపల నిలబడే పూసెయ్యొచ్చు, రెక్కలు పెట్టాక అయితే సగం వైపు చెయ్యి పోదు, అప్పుడు నిచ్చెన గుర్తొస్తుంది. మొహం కూడా బయట పెట్టి చూడాలనిపిస్తుంది, వద్దు, ఫోన్ మణికట్టుకి కట్టుకుని ఒక ఫోటో తీసి చూస్కోండి ఎక్కడ వదిలేశారో. సిలికాన్ న్యూట్రల్ రకం తీస్కోండి, వెనిగర్ వాసన వచ్చేది సిమెంటుకీ ఇనుముకీ సరిపడదు. సందు ఎక్కువుంటే ముందు ఫోమ్ తాడు (తాడులా ఉండే మెత్తటి స్పాంజి) దూర్చి పైన సిలికాన్ పెట్టాలి. కింద నీళ్ళు పోవడానికి ఫ్రేమ్ బయటి ముఖానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి, వాటిని సిలికాన్‌తో మూసేసి తర్వాత కిటికీలోంచి నీళ్ళొస్తున్నాయని తిట్టుకునేవాళ్ళు చాలామంది.

లోపలి సందుకి పీయూ ఫోమ్ (డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే నురగ), తక్కువ ఉబ్బే రకం, సందులో సగమే నింపండి, మిగతాది అదే ఉబ్బి నిండుద్ది. నిండా కొడితే రాత్రికి ఫ్రేమ్ లోపలికి ఉబ్బి పొద్దున రెక్క పట్టేస్తుంది. ఎండ తగిలితే ఫోమ్ పొడైపోద్ది, కాబట్టి గట్టిపడ్డాక కోసి పైన ప్లాస్టర్ గానీ సీలెంట్ గానీ కప్పెయ్యండి.

రెక్కలు పెట్టేటప్పుడు బయటి రెక్క ముందు, పై ట్రాక్‌లోకి ఎత్తి అడుగు దించాలి. చూషణ కప్పులు (అద్దానికి అతుక్కుని పట్టుకునే రబ్బరు పిడులు) వాడితే అద్దం, కప్పు రెండూ దుమ్ము లేకుండా తుడిచి, ముందు నేల మీద ఒకసారి ఎత్తి పరీక్షించండి, గరుకు అద్దం మీద అవి పట్టవు. పెట్టగానే ఆ ఎత్తకుండా ఆపే ముక్కలు వెంటనే బిగించండి, అవి లేకపోతే ఏదో రోజు కిటికీ తుడిచేటప్పుడు రెక్క ఎత్తి బయటికి పడేస్తారు.

నిచ్చెన వెయ్యక తప్పకపోతే

ఏదో ఒక చోట బయట్నుంచే చెయ్యాల్సి వచ్చిందనుకోండి, పరంజా కట్టించండి, చుట్టూ అడ్డు కర్రలున్న పరంజా. నిచ్చెన మాత్రం చేతిలో సిలికాన్ గన్ పట్టుకుని చేసే చిన్న పనికే, అద్దం మొయ్యడానికి, స్క్రూలు పీకడానికి కాదు. నాలుగు వంతుల ఎత్తుకి ఒక వంతు దూరం జరిపి వెయ్యాలి, అంటే నాలుగు మీటర్ల ఎత్తులో ఆనితే కాళ్ళు గోడకి ఒక మీటరు దూరంలో. పై మూడు మెట్లు ఎక్కొద్దు, అద్దానికీ సిలికాన్ ఆరని ఫ్రేమ్‌కీ ఆనించొద్దు, గోడకే ఆనించాలి, కింద ఒకరు పట్టుకోవాలి. పక్కకి చెయ్యి చాపేటప్పుడు మీ బొడ్డు నిచ్చెన రెండు కర్రల మధ్యే ఉండాలి, అది దాటితే దిగి నిచ్చెన జరపండి. కరెంటు తీగలకి మూడు మీటర్ల లోపు అల్యూమినియం నిచ్చెన తీస్కెళ్ళొద్దు, మోసుకెళ్ళేటప్పుడు కూడా పైకి చూడండి.

అంతా అయ్యాక పిల్లలున్న ఇంట్లో కిటికీ 100 మిల్లీమీటర్లకి మించి తెరుచుకోకుండా ఆపే క్యాచ్ ఒకటి పెట్టండి, పెద్దవాళ్ళకి మాత్రం విప్పడం తెలిసి ఉండాలి, ఎందుకంటే నిప్పంటుకుంటే ఆ గదికి అదే దారి కావొచ్చు. దోమ జాలీ పిల్లాడి బరువుని ఆపదు, దాన్ని నమ్ముకుని కిటికీ కింద మంచం వెయ్యొద్దు. కింద కట్టిన తాడు విప్పే ముందు వెలుతురు ఉండగానే మట్టి, మొక్కల మధ్య, సన్‌షేడ్ మీద గాజు పలుకులేమైనా ఉన్నాయేమో ఏరెయ్యండి, సన్‌షేడ్ మీదవి లోపల్నుంచి పొడుగు కర్ర చీపురుతో మీ వైపుకి లాక్కుని చేటలోకి ఎత్తండి, కిందికి తొయ్యొద్దు.